సలహా చెప్పడం నేర్చుకునే వేసవి

ఏప్రిల్, మే నెలలంటే మనకి గుర్తొచ్చేవి ఆవకాయ జాడీలు, వడియాలు, పిల్లల సెలవులు, అమ్మమ్మగారి ఇళ్ళు. ఇప్పుడు వాటి పక్కన ఇంకో మాట వచ్చి చేరింది. ‘సమ్మర్స్’! ఎంబీఏ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఈ మాట వినపడని రోజుండదు. ‘‘మీ వాడికి సమ్మర్స్ ఎక్కడొచ్చింది?’’ ‘‘మా అమ్మాయికి కన్సల్టింగ్‌లో వచ్చిందండీ’’ అని పెళ్ళి పందిళ్ళలో కూడా చెప్పుకుంటున్నారు. ఆ చెప్పే తల్లుల్లో చాలామందికి కన్సల్టింగ్ అంటే ఏమిటో, ఆ రెండు నెలలూ పిల్ల ఏం చేస్తుందో సరిగ్గా తెలీదు. అడిగితే ‘‘నీకు చెప్పినా అర్థం కాదులే అమ్మా’’ అనేస్తారు పిల్లలు.

అర్థం కానంత బ్రహ్మవిద్యేం కాదు. దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను. 2023 వేసవిలో మా అక్క కూతురు ఎనిమిది వారాలు వికారాబాద్‌లో మా ఇంట్లో ఉండి, రోజూ తాండూరు వెళ్ళొచ్చింది. హైదరాబాద్‌లోని ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థ తరఫున, తాండూరులోని ఒక పప్పు మిల్లుకి సంబంధించిన పని. ఆ సంస్థ పేరుగానీ, మిల్లు పేరుగానీ ఇక్కడ రాయడం లేదు. పని అప్పగించిన వాళ్ళ గుట్టు బయటపెట్టకూడదన్నది ఈ వృత్తిలో మొదటి నియమం. అమ్మాయి చదివి, ‘‘ఇంతవరకూ ఫర్వాలేదు చిన్నమ్మా’’ అన్న సంగతులే రాస్తున్నాను.

ఏమిటీ సలహా వ్యాపారం?

ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళతాం. కోర్టు పని పడితే ప్లీడరు దగ్గరికి వెళతాం. వ్యాపారంలో నష్టం ఎక్కడొస్తోందో తెలియకపోయినా, కొత్త మిషన్ కొనాలా వద్దా అన్నది తేలకపోయినా కంపెనీలు ఆశ్రయించేది ఈ కన్సల్టెంట్లని. వాళ్ళు వస్తారు, చూస్తారు, అడుగుతారు, లెక్కలు వేస్తారు, ‘ఇలా చెయ్యండి’ అని చెప్పి ఫీజు తీసుకుంటారు. సరుకేమీ అమ్మరు. మాటే సరుకు!

ఈ రంగంలో పెద్ద పేరున్న మెకిన్సీ సంస్థని 1926లో షికాగోలో స్థాపించింది జేమ్స్ మెకిన్సీ అనే అకౌంటింగ్ ప్రొఫెసర్. అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 1999లో తెచ్చిన ‘విజన్-2020’ పత్రం గుర్తుందా? దాని తయారీలో సలహాదారు ఆ మెకిన్సీయే. పొగిడిన వాళ్ళు పొగిడారు, తిట్టిన వాళ్ళు తిట్టారు. ఇంతకీ ఈ విద్య హైదరాబాద్‌కి అప్పుడే కొత్తగా వచ్చిందని కాదు. బెల్లా విస్టా భవనంలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లోనే మొదలైంది. ప్రభుత్వాలకీ, సంస్థలకీ శిక్షణతో పాటు సలహాలు ఇవ్వడం కూడా దాని పనే.

ఇక సమ్మర్స్ సంగతి. రెండేళ్ళ ఎంబీఏలో మొదటి ఏడాది అయ్యాక వచ్చే వేసవిలో సుమారు రెండు నెలలు ఏదైనా సంస్థలో పనిచెయ్యాలి. 1961లో మొదలైన అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు కానివ్వండి, 2015లో మొదలైన మన విశాఖ ఐఐఎం కానివ్వండి, అన్నిచోట్లా ఇది చదువులో భాగమే. పని నచ్చితే ఆ సంస్థే ‘చదువు అయ్యాక వచ్చి చేరండి’ అని ముందుగానే ఉద్యోగం ఇస్తుంది. దాన్నే పిల్లలు ‘పీపీఓ’ అంటారు. అంటే ఆ ఎనిమిది వారాలూ ఒక పొడుగాటి ఇంటర్వ్యూ అన్నమాట. పిల్లల కళ్ళకింద నల్లచారలు ఎందుకొస్తాయో ఇప్పుడర్థమైంది కదూ!

స్టేషన్లో ఎన్ని టీలు?

కన్సల్టింగ్ వాళ్ళు పిల్లల్ని ఎంచుకునే పద్ధతి కూడా చిత్రంగా ఉంటుంది. చదివిన పాఠం అప్పజెప్పమనరు. ఒక సమస్య ఇచ్చి, ‘నువ్వయితే ఏం చేస్తావు?’ అంటారు. దీన్ని ‘కేస్’ అంటారు. ఇంకోరకం ప్రశ్నలున్నాయి. జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. అంచనా కట్టాలి. మా అమ్మాయి సెలక్షన్లకి ముందు దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు ఇవే సాధన చేస్తుంటే నేనూ కూర్చున్నాను. ‘‘వికారాబాద్ స్టేషన్లో రోజుకి ఎన్ని టీలు అమ్ముడవుతాయి?’’ అంది.

నవ్వొచ్చింది నాకు. కానీ ఆలోచిస్తే మనం రోజూ చేసే పనే. రోజుకి ఎన్ని బళ్ళు ఆగుతాయి? ఆగిన బండికి ఎంతమంది దిగుతారు, ఎంతమంది ఎక్కుతారు? వాళ్ళలో పదిమందికి ఎంతమంది టీ తాగుతారు? పొద్దుటి బండికి తాగినంత మిట్టమధ్యాహ్నం తాగుతారా? ఇలా ముక్కలు చేసుకుంటూ పోతే ఒక అంకె తేలుతుంది. పెళ్ళికి ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలో, పొద్దున భోంచేసిన వాళ్ళలో రాత్రికి ఎంతమంది మిగులుతారో మన పెద్దవాళ్ళు కాగితం లేకుండా చెప్పేవాళ్ళు కాదూ? అది అంచనా అయితే ఇదీ అంచనాయే. దీనికి ఇంగ్లీషు పేరుంది, దానికి లేదు. అంతే తేడా.

ముందే ముగింపు!

కథలు రాసుకునే దాన్ని కాబట్టి నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. కథలో ముగింపు చివర్లో వస్తుంది. కన్సల్టెంట్ల రిపోర్టులో ముగింపు మొదటే రావాలట! ‘ఇది చెయ్యండి’ అని ముందు చెప్పాలి, ‘ఎందుకంటే’ అని కారణాలు తరువాత, వాటి కింద లెక్కలు. ఈ పద్ధతికి ‘పిరమిడ్’ అని పేరు. దీన్ని నేర్పింది ఎవరనుకున్నారు? బార్బరా మింటో అనే ఆవిడ. 1963లో మెకిన్సీ తొలిసారిగా ఉద్యోగంలోకి తీసుకున్న ఎంబీఏ మహిళ ఆవిడే. కంపెనీలో మగవాళ్ళు రాసిన రిపోర్టుల్ని దిద్దీ దిద్దీ, ఆలోచన సరిగ్గా లేకపోతే రాత సరిగ్గా ఉండదని గ్రహించి, ఆ పద్ధతిని పుస్తకంగా రాసింది. ఇప్పటికీ కన్సల్టింగ్‌లో చేరే పిల్లలకి అదే పాఠం. ఒక ఆడమనిషి గీసిన గీత మీద ఇంతమంది నడుస్తున్నారని తెలిసి నాకు భలే సంతోషం వేసింది.

కందుల ఊరు

తాండూరంటే చాలామందికి గుర్తొచ్చేది నాపరాయి. హైదరాబాద్‌లో ఎన్ని పాత ఇళ్ళల్లో ఆ బండల మీద మనం ముగ్గులు పెట్టలేదు? దానికి తోడు సిమెంటు ఫ్యాక్టరీలు. కానీ ఈ ప్రాంతానికి అంతకంటే పాత పేరు కందుల వల్ల వచ్చింది. ఇక్కడి నల్లరేగడి భూముల్లో, సున్నపురాయి పరుచుకున్న నేల మీద, వానాధారంగా పండే కంది రుచే వేరంటారు. 2022 డిసెంబరులో ‘తాండూరు కంది’కి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. ఆ గుర్తింపు వచ్చిన సరుకు పేరుని, ఎక్కడో పండిన వాటికి తగిలించి అమ్ముకోవడం చట్టప్రకారం కుదరదు. మన పోచంపల్లి చీరలకున్నట్టే అనుకోండి.

పేరొచ్చాక ఆశలూ వస్తాయి కదా! మా అమ్మాయి వెళ్ళిన మిల్లు వాళ్ళకీ అలాగే వచ్చింది. పప్పుని అందమైన ప్యాకెట్లలో పెట్టి పట్నంలో అమ్మాలనుకున్నారు. ప్యాకెట్లో ఒక్క నల్లగింజ కనపడకూడదు. మిల్లులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు కూర్చుని చాటల్లో పప్పు ఏరుతుంటారు. వాళ్ళ బదులు కలర్ సార్టర్ కొంటే ఎలా ఉంటుంది? మనవైపు దాన్ని ‘సార్టెక్స్’ అంటారు. గింజలు జారుతుంటే కెమెరా చూస్తుంది. రంగు తేడా ఉన్న గింజని గాలితో తన్ని పక్కకి తోసేస్తుంది. అది కొంటే ఎన్నాళ్ళకి ఖర్చు తిరిగొస్తుంది? ఇదీ అమ్మాయికి ఇచ్చిన ప్రశ్న.

వికారాబాద్ నుంచి తాండూరు 40 కిలోమీటర్లు. 1874లో వేసిన వాడి లైను మీద పొద్దున్నే రైలెక్కి, ధారూరు దాటాక వచ్చే పొలాలు చూస్తూ వెళ్ళేది. ఎండాకాలం తాండూరు ఎలా ఉంటుందో చూసిన వాళ్ళకే తెలుసు. కింద రాయి, పైన ఎండ. సాయంత్రం తిరిగొచ్చి స్నానం చేసి, లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒంటిగంట, రెండు. మధ్యలో కరెంటు పోతే ప్రాణం పోయినట్టే. మొదటి పది రోజులూ ఆమె చేసిందల్లా అంకెలు రాసుకోవడమే. కూలి ఎంత, కరెంటు ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత, మిషన్ చెడిపోతే మెకానిక్కు హైదరాబాద్ నుంచి రావడానికి ఎంత.

‘‘మమ్ముల తీసేసేటందుకేనా?’’

చిక్కంతా ఏరే ఆడవాళ్ళ దగ్గర వచ్చింది. ఒక్కొక్కరు రోజుకి ఎంత ఏరుతారో, ఎక్కడ ఆలస్యమవుతుందో అడుగుదామంటే ఎవరూ నోరు విప్పరు. గుమాస్తా పక్కన నిలబడితే అసలే విప్పరు. అమ్మాయి పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. జీన్సు వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని నిలబడితే వాళ్ళకి ఆఫీసరమ్మలా కనిపించి ఉంటుంది. ‘‘ఒక్కరోజు నాతో రా చిన్నమ్మా’’ అంది. పైవాళ్ళ అనుమతి తీసుకునే తీసుకెళ్ళింది లెండి.

మధ్యాహ్నం సద్ది విప్పే వేళకి వెళ్ళి, వాళ్ళ పక్కనే కూర్చున్నాం. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు నాకూ పెట్టారు. ఊరు, పిల్లలు, కోడళ్ళు అన్నీ అయ్యాక వాళ్ళల్లో పెద్దావిడ మా అమ్మాయిని సూటిగా అడిగింది. ‘‘పేర్లు రాసుకుంటున్నవంట గద బిడ్డా. మిషిన్ వస్తదంట. మమ్ముల తీసేసేటందుకేనా ఈ లెక్క?’’

అమ్మాయి ముఖం తెల్లబోయింది. అబద్ధం చెప్పలేదు. ‘‘మిషన్ కొంటే లాభమా కాదా అని చూడమన్నారు పెద్దమ్మా. నేను ఇంకా తేల్చలేదు’’ అంది. ఆ మాటకి ఇంకొకావిడ కోపంగా లేచి వెళ్ళిపోయింది. పెద్దావిడ మాత్రం కదల్లేదు. కాసేపాగి, ‘‘నల్లగింజ ఒక్కటేనా మీకు కానొచ్చింది? నూక కానొస్తలేదా?’’ అంది.

ఆ ప్రశ్నలోనే ఉంది అసలు సంగతంతా. కందుల్ని పప్పు చెయ్యడం అంటే తిరగట్లో వేసి తిప్పేయడం కాదు. ముందు రోలర్ మీద గింజకి గీట్లు పడేలా చేస్తారు. కాస్త నూనె పట్టిస్తారు. అది గింజలోకి దిగి పొట్టు వదులయ్యేదాకా కుప్పపోసి ఉంచి, ఎండబెట్టి, తడిపి, మళ్ళీ ఆరబెట్టి అప్పుడు పొట్టు తీసి బద్దలు చేస్తారు. ఆ ఎండ సరిగ్గా తగలకపోతే పొట్టు ఊడదు. ఊడకపోతే మళ్ళీ మళ్ళీ తిప్పాలి. తిప్పినకొద్దీ బద్ద అంచులు అరిగి నూకా పిండీ అవుతాయి.

‘‘లారీ వస్తది, జల్ది జల్ది అంటరు. మూడు ఎండలు తినాల్సిన సరుకు ఒక్క ఎండకే ఎత్తుతరు. పొట్టు యాడ ఊడ్తది? గా పొట్టు ఊడని గింజలే మా చాటలకు వస్తయి. మేము ఏరేది సగం అవే’’ అని చెప్పిందావిడ. ‘‘సేటుకు చెప్పలేదా?’’ అంటే, ‘‘మమ్ముల ఎవరడిగిన్రు?’’ అని రొట్టె మడిచి మూటగట్టుకుంది.

రెండు రకాల లెక్కలు

అమ్మాయి మర్నాటి నుంచీ తూకం మొదలుపెట్టింది. ఒక్క ఎండకి ఎత్తిన సరుకు, మూడు ఎండలు ఆరిన సరుకు విడివిడిగా ఆడించి, నూక తూచింది. పదిరోజులు అలా చేసింది. తేడా గ్రాముల్లో కాదు, కిలోల్లో ఉంది. అదెంత అంటారా? క్వింటాలుకి ఒక్క కిలో పప్పు నూకగా పోకుండా ఆపారనుకోండి. రోజుకి వంద క్వింటాళ్ళు ఆడించే మిల్లయితే రోజుకి వంద కిలోలు. కొట్లో కందిపప్పు ధరకీ, పశువుల దాణాకి పోయే నూక ధరకీ ఉన్న తేడాతో గుణించుకోండి. లెక్క మీకే తెలుస్తుంది.

కానీ ఆమె పైన ఉన్న గైడుకి ఇది నచ్చలేదు. ‘‘మనల్ని అడిగింది మిషన్ గురించి. ఎండబెట్టడం గురించి కాదు’’ అన్నాడట. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. అడిగిన దానికి జవాబు చెప్పకుండా ఇంకేదో చెబితే ఫీజు ఇచ్చేవాడు ఊరుకుంటాడా? పైగా గైడు రాసే మార్కుల మీదే పిల్ల ఉద్యోగం ఆధారపడి ఉంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, ‘‘నోరుమూసుకుని మిషన్ లెక్క ఇచ్చేస్తే గొడవుండదు చిన్నమ్మా. కానీ నాకు తెలిసిపోయింది కదా! తెలిశాక రాయకపోతే ఎలా?’’ అంది. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

నేను ఏం చెప్పగలను? ఉద్యోగం నాది కాదు, ఏరుకునే పనీ నాది కాదు. ‘‘ఇద్దరికీ అబద్ధం కాకుండా రాసే దారేమైనా ఉందేమో చూడు’’ అన్నాను.

చూసింది. రిపోర్టులో మూడు దారులు పక్కపక్కనే పెట్టింది. వెంటనే మిషన్ కొనడం మొదటిది. ముందు ఎండబెట్టే పని సరిచేసి, ఒక సీజను చూశాక మిషన్ సంగతి ఆలోచించడం రెండోది. మిషన్ కొని, ఆడవాళ్ళకి ప్యాకింగూ, మిషన్ నడపడమూ నేర్పించడం మూడోది. ప్రతి దారికీ ఖర్చు ఎంత, రాబడి ఎంత, ఎన్ని నెలల్లో డబ్బు తిరిగొస్తుంది, పద్నాలుగు మందిలో ఎంతమందికి పని ఉంటుంది? ఆ చివరి వరుసని తీసెయ్యమన్నారు. ఆమె వాదించింది. చివరికి ఆ పేజీని రిపోర్టు ఆఖర్న పెట్టడానికి ఒప్పుకున్నారు. బార్బరా మింటో నేర్పిన పద్ధతిలో ముఖ్యమైంది ముందుండాలి కదా! ఇక్కడ ఆఖరి పేజీకే అన్నిటికంటే ఎక్కువ పోట్లాట అయింది.

తరువాత ఏమైంది?

సినిమాలో అయితే సేటు కళ్ళు తెరుచుకుని, ఆడవాళ్ళకి దండం పెట్టి ఉండేవాడు. అలా జరగలేదు. ఎండబెట్టే పని మాత్రం సరిచేశారు. టార్పాలిన్లు కొన్నారు. సరుకు ఎత్తేముందు పెద్దావిడని పిలిచి గింజ కొరికి చూడమనడం మొదలుపెట్టారు. ఒక సీజను గడిచాక 2024లో మిషన్ కూడా వచ్చింది. పద్నాలుగు మందిలో ఎనిమిది మంది ప్యాకింగులో ఉన్నారు. మిగిలిన ఆరుగురిలో కొందరు బండల పాలిషింగుకి వెళ్ళారని విన్నాను. ఆరుగురికి పని పోయింది. అది చిన్న సంగతని నేను అనలేను. ఆ ఏడాది గడువు దొరకకపోతే ఎనిమిది మందికీ చోటు ఉండేది కాదేమో అని అమ్మాయి అంటుంది. అదీ నిజమే అయ్యుండొచ్చు.

ఆమెకి పీపీఓ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు ఏడ్చింది. మా అక్కయ్య ‘ఆఖరి పేజీ ఎందుకు రాశావే’ అని సాధించింది కూడా. చదువు అయ్యాక ఆహార పదార్థాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అక్కడి ఇంటర్వ్యూలో గంటసేపు అడిగింది తాండూరు నూక గురించేనట!

తల్లులు తెలుసుకోవలసినవి

మీ పిల్లలకీ ఇలాంటి అవకాశం వస్తే స్టైపెండు ఎంత అని మాత్రమే అడక్కండి. చేరమన్న ఉత్తరం రాతపూర్వకంగా ఉందా, పని ఏ ఊళ్ళో, బస ఎవరు చూస్తారు, రోజూ ఎవరికి జవాబు చెప్పాలి, ఇవి ముందే కనుక్కోండి. పని చోట ఆడపిల్లలకి లైంగిక వేధింపుల నుంచి రక్షణ ఇచ్చే 2013 చట్టం, జీతగాళ్ళకే కాదు, శిక్షణ కోసం చేరిన వాళ్ళకి కూడా వర్తిస్తుంది. పదిమంది లేక అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లాలో ఉండే కమిటీకి చెప్పుకోవచ్చు. ఆ కమిటీలో ఎవరున్నారో మొదటిరోజే అడిగి రాసుకోమనండి. అడగడం తప్పేం కాదు.

అర్ధరాత్రి దాకా కూర్చుంటే తిట్టకండి, ఒక గ్లాసు మజ్జిగ పెట్టండి. ‘నాకు అర్థం కాదులే’ అని మీరే తప్పుకోకండి. ‘ఇవాళ ఎవరితో మాట్లాడావు? వాళ్ళేమన్నారు?’ అని అడగండి. పిల్ల చెప్పే పేర్లన్నీ మేనేజర్లవే అయితే, ‘పని చేసేవాళ్ళని అడిగావా?’ అని ఇంకో మాట కూడా అడగండి. సలహా చెప్పేవాళ్ళు ఫీజు తీసుకుని బండెక్కి వెళ్ళిపోతారు. ఆ సలహాతో బతకాల్సిన వాళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటారు. ఎక్సెల్ కాలేజీలో నేర్పుతారు. ఈ సంగతి మాత్రం ఇంట్లో మనమే నేర్పాలి. ఏమంటారు?